పెంతెకొస్తు గడువు

లెఫ్టినెంట్ విల్ఫ్రెడ్ డార్గ్ టీ నిలబడే తాగుతాడు. కాగితాలు నిలబడే చదువుతాడు. మెస్సులో అందరూ బెంచీల మీద కూలబడి ఉంటే ఈయన ఒక్కడే ఆ గోడ నుంచి ఈ గోడకి కాలుగాలిన పిల్లిలా తిరుగుతుంటాడు. “డార్గ్, నీ కుర్చీలో ఎవరన్నా నిప్పులు పోశారా?” అని తోటి ఆఫీసర్లు ఎగతాళి చేస్తారు.

పోశారు మరి. ఏడాదిన్నరలో పదకొండుమంది సిపాయిల తరఫున కోర్టు మార్షల్లో నిలబడ్డాడు. తొమ్మిదిమందిని బతికించాడు. ఇద్దర్ని కాల్చేశారు. ఆ తొమ్మిదిమందిలో సగంమంది పేర్లు ఇప్పుడు అడిగితే ఆయన తడుముకుంటాడు. ఆ ఇద్దరి పేర్లు మాత్రం బూట్లు తొడుక్కునేటప్పుడు కూడా నోట్లో నానుతూనే ఉంటాయి.

యుద్ధానికి ముందు ఆయన ఇంగ్లండులో, కంబర్లండ్ కొండల్లో కిర్క్‌బెక్ అనే సంత ఊళ్ళో ప్లీడరు. గొర్రెల మీద పడ్డ గుర్తులు ఎవరివి, కూలిన రాతిగోడ ఎవరు కట్టాలి, ముసలాయన వీలునామాలో పెద్దకోడలి పేరు ఎందుకు లేదు. అవీ ఆయన కేసులు. వీటికితోడు ఏటా రెండుసార్లు, ఎండాకాలంలో పెంతెకొస్తు పండక్కీ నవంబరులో మార్టిన్ పండక్కీ, జీతాల గడువు నాడు రైతులకీ పాలేర్లకీ పడే తగాదాలు. ఫీజు ఇచ్చుకోగలిగేవాళ్ళు రైతులు. అందుకని డార్గ్ రైతుల ప్లీడరు. ఇందులో దాచేదేమీ లేదు.

సైన్యం చేతికి చదువుకున్న ప్లీడరు దొరికితే ఊరుకుంటుందా? బ్రిగేడ్‌లో ఏ సిపాయి మీద కేసు పడ్డా, ముద్దాయి పక్కన నిలబడడానికి ఈయన్నే తోలేవాళ్ళు. ఇవాళ కాగితం చేతికిస్తారు, రేపు పొద్దున విచారణ. కిర్క్‌బెక్‌లో గొర్రెపిల్ల దొంగతనానికి మూడు వాయిదాలు ఇచ్చేవాళ్ళు. ఇక్కడ మనిషి ప్రాణానికి ముప్పావు గంట.

ఆ జూన్ నెల, 1917లో, ఫ్రాన్సులో అర్రాస్ యుద్ధరంగం వెనక ఒక పల్లెలో ఆయన చేతికొచ్చిన కాగితంలో ఇలా ఉంది: ప్రైవేట్ జోనాస్ రెల్ఫ్, ముప్పై ఒక్క ఏళ్ళు. పెంతెకొస్తు మంగళవారం మధ్యాహ్నం, దళం ఆ సాయంత్రమే కందకాల్లోకి వెళ్ళాల్సి ఉండగా, పారిపోయాడు. తొమ్మిది మైళ్ళ అవతల పట్టుబడ్డాడు.

పారిపోవడం అంటే తుపాకీగుండు. సెలవు లేకుండా పోవడం అంటే జైలు. రెంటికీ మధ్య ఉన్నది ఒక్కటే గీత. తిరిగి రావాలని వాడి మనసులో ఉందా, లేదా? ముగ్గురు ఆఫీసర్లు బల్ల వెనక కూర్చుని ఒక సిపాయి మనసులో ఏముందో ముప్పావు గంటలో తేల్చేస్తారన్నమాట!

డార్గ్ ఆ మధ్యాహ్నమే జోనాస్ దగ్గరికి పోయాడు. వాణ్ణి ఒక రైతు పందుల కొట్టంలో పెట్టారు. పందులు లేవు గానీ వాసన ఎక్కడికీ పోలేదు. పొడుగు మనిషి, పెద్ద చేతులు. లేచి నిలబడితే తల వాసానికి తగిలింది.

“తమరు కిర్క్‌బెక్ ప్లీడరు కదండీ?” అన్నాడు జోనాస్.

“నన్ను ఎరుగుదువా?”

“ఎరక్కేం? మా అన్న ఏబెల్ ఆర్నెల్ల జీతం ఊడగొట్టింది తమరేగా.”

డార్గ్ నాలుగడుగులు వేశాడు. కొట్టం అంతే ఉంది, మళ్ళీ వెనక్కి నాలుగు వేశాడు. ఏబెల్ రెల్ఫ్. అవును, గుర్తొచ్చింది. పెంతెకొస్తు గడువుకి ఇంకా మూడు వారాలుండగా, రైతు పెట్టే పాచి మాంసం తినలేక పని వదిలేసి వెళ్ళిపోయిన పాలేరు. జీతం ఆర్నెల్లకోసారి, గడువు నాడే ఇస్తారు. ముందే కదిలితే మొత్తం గంగలో కలిసినట్టే. రైతు తరఫున డార్గ్ మెజిస్ట్రేటుల ముందు గొంతు పెంచి చెప్పాడు: ‘గడువు గడువే. గడువు నాడు మధ్యాహ్నం పన్నెండు కొట్టేదాకా పాలేరు కాళ్ళు పాలేరువి కావు.’ జనం చప్పట్లు కొట్టారు. జిల్లా పత్రికలో ఆ వాక్యం అచ్చేశారు.

“ఆ పేపరు ముక్క మా అమ్మ పొయ్యి పైన గోడకి అంటించింది” అన్నాడు జోనాస్, నిష్ఠూరమేమీ లేకుండా, వాన పడిందని చెప్పినట్టు. “మా ఇంట్లో అక్షరం వచ్చినవాడు ఏబెల్ ఒక్కడే. తాగినప్పుడల్లా చదివి వినిపించేవాడు. నాకు కంఠతా వచ్చేసింది. అందుకే నేను ఏ రైతు దగ్గరా గడువుకి ముందు గడప దాటలేదు. మొన్న కూడా అంతేగదండీ. చర్చి గంట పన్నెండు కొట్టాకే బయల్దేరా.”

“బయల్దేరడం ఏమిటయ్యా! ఇది సైన్యం!”

“పెంతెకొస్తు వచ్చింది. ఎవరూ నన్ను అడగలా.”

డార్గ్ ఆగిపోయాడు. ఆ ఒక్క మాట చాలు ఆయనకి. ఇంకో ఊరి ప్లీడరైతే వీడికి పిచ్చి అనుకునేవాడు.

కంబర్లండ్‌లో గడువుకి నెల ముందు రైతు కొట్టంలోకి వస్తాడు. ఆవు పొదుగు చూస్తున్నట్టు నటిస్తాడు. పోతూ పోతూ “ఏరా, ఉంటావా?” అంటాడు. అడిగితే పాలేరు ఉండొచ్చు, పోవచ్చు. అడక్కపోతే పొమ్మన్నట్టే. గడువు నాడు పెట్టె సర్దుకుని పాలేర్ల సంతకి పోయి, నోట్లో గడ్డిపరక పెట్టుకుని నిలబడాలి, కొత్త రైతు కోసం. ‘నన్నెందుకు అడగలేదు’ అని పాలేరు నోరు తెరిచి అడగడు. అడిగితే వాడు ముష్టివాడి కింద లెక్క.

“నువ్వు సైన్యంలో ఎలా చేరావు?” అని అడిగాడు డార్గ్, జవాబు తెలిసే.

“ఇంకెలాగండీ? 1915లో మార్టిన్ పండగ సంతలో గడ్డిపరక నోట్లో పెట్టుకుని నిలబడ్డా. సైన్యంలోకి మనుషుల్ని చేర్చుకునే ఎర్ర పటకా వాడొచ్చి అరచేతిలో షిల్లింగు పెట్టాడు. రైతులూ అంతేగా పెడతారు బయానా.”

“కాగితం మీద ‘యుద్ధం అయ్యేదాకా’ అని ఉంది.”

“నేను పెట్టింది ఇంటూ మార్కు. ఎవడు చదివి చెప్పాడు? సరే, తర్వాత తెలిసిందిలెండి, అబద్ధమెందుకు. కానీ మౌన్సీ సార్జెంటు అడిగేవాడుగా!”

“ఏమని?”

“‘ఏరా జోనాస్, ఉంటావా?’ అని. కిందటి పెంతెకొస్తుకి అడిగాడు. మార్టిన్ పండక్కి అడిగాడు, బురదలో మోకాళ్ళ దాకా కూరుకుపోయి ఉంటే. రెండుసార్లూ ఉంటానన్నా. అడిగారంటే ఏంటండీ అర్థం? వద్దనే హక్కు నాకు ఉన్నట్టేగా?”

డార్గ్‌కి మౌన్సీ తెలుసు. కొండ రైతు కొడుకు. చావు ముందు నిలబెట్టిన మనుషుల్ని కాస్త మనుషుల్లా చూడాలని, వాళ్ళ ఊరి మాట వాళ్ళని అడిగేవాడు. సరదాకి అడిగాడో, మర్యాదకి అడిగాడో ఇక చెప్పేవాడు లేడు. ఏప్రిల్‌లో గుండు తగిలి పోయాడు. అతని చోట లండన్ నుంచి పగ్ అనే సార్జెంటు వచ్చాడు. పగ్‌కి పెంతెకొస్తు అంటే బీరు తాగే సెలవు రోజు.

“విను జోనాస్. రేపు నువ్వు ప్రమాణం చెయ్యొద్దు. ప్రమాణం లేకుండా నాలుగు మాటలు చెప్పుకోవచ్చు, చట్టంలో ఉంది. అలా చెబితే నిన్నెవరూ ఎదురు ప్రశ్న వెయ్యలేరు. నేను రాసిస్తా, నువ్వు బట్టీ పట్టు. ‘మా ఊళ్ళో గడువు వారం సెలవు ఇస్తారు, ఆ వారం గడిపి మళ్ళీ వచ్చేద్దామనుకున్నాను.’ అంతే. ఈ ఒక్క ముక్క నిన్ను బతికిస్తుంది.”

“నేను అలా అనుకోలేదండీ.”

“అనుకున్నావనే చెప్పు!”

“అడగని చోటికి మళ్ళీ ఎలా పోతానండీ? నాకు సిగ్గులేదా? సంతలో నిలబడదామనుకున్నా. ప్రమాణం లేకుండా మాట్లాడమంటారేంటి, గుర్రాల దొంగనా నేను? మా ఊరి ప్రార్థన మందిరంలో తెలిస్తే ఉమ్మేస్తారు.”

“ఒరేయ్, కాల్చేస్తారురా!”

“తమరేగా చెప్పారు, గడువు గడువే అని.”

డార్గ్ చేతిలోని టోపీని నేలకేసి కొట్టాడు. పాచిగడ్డి లేచి పడింది. ఎవరి మీద కోపం? పదేళ్ళ కిందట కోర్టులో చప్పట్లు కొట్టించుకున్న పెద్దమనిషి మీద. ఆ పెద్దమనిషి రైతుల కోసం బిగించిన ముడి ఎంత గట్టిదంటే, ఇదిగో, ఫ్రాన్సు దాకా వచ్చి ఇంకో రెల్ఫ్ మెడకి పడింది. చట్టం పైవాడి నోట్లోంచి పుడుతుంది, కిందివాడి గోడ మీద అంటుకుంటుంది. పైవాడు మర్చిపోతాడు. కిందివాడు కంఠతా పడతాడు.

టోపీ తీసుకుని దులుపుకుంటూ, వెళ్ళిపోబోతూ అడిగాడు: “పోయేటప్పుడు పగ్‌తో ఏమన్నా అన్నావా?”

“అనకుండా ఎలా పోతానండీ, దొంగలా? తుపాకీ తుడిచి అప్పజెప్పా. ‘నా గడువు అయిపోయింది సార్జెంట్’ అన్నా. కాసేపు నిలబడ్డా, అప్పటికన్నా అడుగుతాడేమోనని. పొమ్మన్నాడు. పోయా.”

“పొమ్మన్నాడా? ఏమని అన్నాడు? ఉన్నదున్నట్టు చెప్పు!”

“‘పో నాయనా, ఇంటికే పో. పోతూ పోతూ గేటు వేసి పో, లేకపోతే కైజరు గొడ్లు జొరబడతాయి’ అని. వేశానండీ. గొళ్ళెం కూడా పెట్టా.”

“ఈ మాట ఇందాక ఎందుకు చెప్పలేదయ్యా!”

“తమరు అడగలేదు.”

డార్గ్ అక్కడి నుంచి పరుగులాంటి నడకతో పగ్ దగ్గరికి పోయాడు. పగ్ గట్టి మనిషి, పొట్టి మెడ, నవ్వు మొహం. ఏది చెప్పినా చుట్టూ పదిమంది నవ్వాలి అతనికి. ఒంటరిగా దొరికితే మాత్రం రాయి.

“నేనేం అన్లేదు సార్. వాడు మాయమైపోయాడు, రిపోర్టు చేశా. నా పని నేను చేశా.”

“గేటు సంగతి?”

“ఏ గేటు సార్?”

సాక్షులు లేరు. ఆ పూట మిగిలినవాళ్ళంతా చెరువులో స్నానాలకి పోయారు. పగ్ చెప్పింది ఒక మాట, ముద్దాయి చెప్పింది ఒక మాట. సార్జెంటు మాటకీ, ఇంటూ మార్కు మనిషి మాటకీ తూకం ఎటు ఒరుగుతుందో డార్గ్‌కి వేరే చెప్పక్కర్లేదు. తక్కెడ పట్టుకున్నవాడే కదా ఆయన, ఇన్నేళ్ళూ.

పొద్దున తొమ్మిదింటికి పల్లె బడిలో కోర్టు. పిల్లల బెంచీలు పక్కకి నెట్టి, పంతులు బల్ల వెనక ముగ్గురు ఆఫీసర్లు కూర్చున్నారు. మధ్యలో మేజర్ ఆస్‌బర్న్, నెరిసిన మీసాలు, చెవుల్లో ఫిరంగుల హోరు పోక తల కాస్త వంచి వినే మనిషి. సిపాయి మీద కేసు నడిపేది దళం తాలూకు కెప్టెన్ లైల్. చురుకైనవాడు, చెడ్డవాడేం కాదు. పైనుంచి ‘ఈ నెల పారిపోయేవాళ్ళు ఎక్కువయ్యారు’ అని ఉత్తరం వచ్చింది. దానికి జవాబు పంపాలి. జవాబు జోనాస్.

దారిలో పట్టుకున్న మిలిటరీ పోలీసు ముందు సాక్ష్యం చెప్పాడు. ముద్దాయి పట్టపగలు రోడ్డు మధ్యన నడుచుకుంటూ వచ్చి, తననే ఆపి, రేవుకి దారెటని అడిగాడట. మూలనున్న బ్రిగేడ్ గుమాస్తా కిసుక్కుమన్నాడు.

తర్వాత పగ్. లైల్ అడిగినవాటికి గూటాలు దిగేసినట్టు జవాబులు చెప్పాడు. తుపాకీ పెట్టాడు, పోయాడు, సాయంత్రం వరస పిలిస్తే లేడు. గేటు మాట రాలేదు.

డార్గ్ లేచాడు. ‘నువ్వు పొమ్మన్నావా లేదా’ అని నిలదీస్తే పగ్ లేదంటాడు, కథ అక్కడికి సరి. కిర్క్‌బెక్‌లో గుర్రాల బేరగాళ్ళని ఎదురు ప్రశ్నలు అడిగిన అనుభవం ఆయనది. గుర్రం బేరగాడి చేత నిజం చెప్పించాలంటే గుర్రాన్ని తిట్టకూడదు, బేరగాడి తెలివిని పొగడాలి.

“సార్జెంట్, ఈ రెల్ఫ్ కొంచెం మొద్దు మనిషేనా?”

జోనాస్ తల తిప్పి ప్లీడరు వంక చూశాడు. డార్గ్ అటు చూడలేదు.

“కొంచెమా సార్? మా దళంలో గాడిద ఒకటుంది, దాన్ని అడిగి వీడు ఎడమెటో కుడెటో తెలుసుకుంటాడు.”

గుమాస్తా నవ్వాడు. పగ్ మొహం విచ్చుకుంది.

“ఇలాంటివాణ్ణి నడపడం నీకు కష్టమే. తుపాకీ అప్పజెప్పి ఏమన్నాడు?”

“‘నా గడువు అయిపోయింది సార్జెంట్’ అన్నాడు సార్! అద్దె కొంప ఖాళీ చేస్తున్నట్టు!”

ఈసారి బల్ల వెనక కుర్ర ఆఫీసరు కూడా పెదవి బిగించుకున్నాడు.

“అని వెంటనే పోయాడా?”

“ఎక్కడ పోయాడు? పావుగంట నిలబడ్డాడు సార్, దిష్టిబొమ్మలా. నేనేదో ఇస్తానన్నట్టు నా మొహం వంక చూస్తూ.”

“నీలాంటి మాటకారి పావుగంట సేపు ఊరుకున్నాడంటే ఎవరూ నమ్మరు.”

పగ్ ఇటు చూశాడు, అటు చూశాడు. గదిలో అరడజను మొహాలు నవ్వడానికి సిద్ధంగా ఉన్నాయి. పాపం, అంతమందిని ఖాళీగా పంపడం అతని వల్ల కాలేదు.

“ఊరుకుంటానా సార్! ‘పో నాయనా, ఇంటికే పో, గేటు వేసి పో, లేకపోతే కైజరు గొడ్లు జొరబడతాయి’ అన్నా. వాడేం చేశాడనుకున్నారు? వేశాడు సార్! గొళ్ళెం పెట్టి, పడిందో లేదో లాగి కూడా చూసుకున్నాడు!”

గది గొల్లుమంది. గుమాస్తా కలం కింద పెట్టి మరీ నవ్వాడు. మేజర్ ఒక్కడే నవ్వలేదు. తల వంచి, “ఇంకోసారి చెప్పు” అన్నాడు.

అప్పుడు అర్థమైంది పగ్‌కి.

“నువ్వు పొమ్మన్నావన్నమాట” అన్నాడు మేజర్.

“ఎగతాళికి సార్...”

“సార్జెంట్,” డార్గ్ గొంతులో పొగడ్త పోయింది, “పన్నెండుంబావుకి నీ కళ్ళ ముందు నడిచిపోయాడు. ఆరింటిదాకా రిపోర్టు చెయ్యలేదు. ఎందుకని?”

పగ్ మెడ ఎర్రగా కందిపోయింది. “తిరిగొస్తాడనుకున్నా సార్. ఆకలేస్తే వాడే వస్తాడని...”

“రాసుకున్నారా?” అని డార్గ్ గుమాస్తాని అడిగాడు. “అక్షరం పొల్లుపోకుండా రాయండి.”

అక్కడితో కేసు ఆగిపోతే ఎంత బావుండేది! డార్గ్ ముద్దాయిని పిలవకుండా కూర్చోబెడదామనుకున్నాడు. ‘కదలకు’ అని కళ్ళతో సైగ చేశాడు. జోనాస్ ఆ సైగని చూసి కూడా లేచాడు. “ప్రమాణం చేస్తానండీ” అని పుస్తకం అందుకున్నాడు. ఎవరాపుతారు?

ఊళ్ళో ఆనవాయితీ అంతా తనకొచ్చిన మాటల్లో చెప్పాడు. మౌన్సీ అడిగిన సంగతి చెప్పాడు. కెప్టెన్ లైల్ ఓపిగ్గా విని, ఒక్కటే ప్రశ్న అడిగాడు. నిన్నటి నుంచి రాకూడదని డార్గ్ కోరుకుంటున్న ప్రశ్న అది.

“తిరిగి రావాలని నీ మనసులో ఉందా, రెల్ఫ్?”

“లేదు సార్.”

లైల్ కూర్చున్నాడు. కుర్ర ఆఫీసరు కాగితం మీద ఏదో గీసుకున్నాడు. బయట ఎవరో గుర్రాన్ని తిడుతున్నారు, ఆ తిట్లు స్పష్టంగా వినిపిస్తున్నాయి గదిలోకి.

డార్గ్‌కి ఇంకో ప్రశ్న అడిగే హక్కుంది. జవాబు తెలియని ప్రశ్న కోర్టులో అడక్కూడదని బచ్చా ప్లీడరుకి కూడా తెలుసు. పద్దెనిమిదేళ్ళు ఆ సూత్రం మీదే బతికాడు. నిలబడ్డాడు. కాళ్ళు నిలవక బెంచీ చుట్టూ ఒకసారి తిరిగొచ్చాడు.

“జోనాస్, ఆ పావుగంటలో పగ్ నిన్ను ‘ఉంటావా’ అని అడిగి ఉంటే, ఏమనేవాడివి?”

జోనాస్ ఆలోచించడం మొదలుపెడితే దున్నినట్టే, చాలు చివరిదాకా పోయి తిరగాలి.

“సాయంత్రం కందకాల్లోకి పోవాలని నాకు తెలుసండీ” అన్నాడు చివరికి. “భయమేసింది. వెయ్యలేదంటే అబద్ధం.”

అయిపోయింది, అనుకున్నాడు డార్గ్.

“కానీ మౌన్సీ అడిగినప్పుడూ భయమే. రెండుసార్లూ భయమే. భయపడుతూనే ఉంటానన్నా, ఉన్నా. ఇప్పుడూ ఉండేవాణ్ణి. అడగాలిగా మరి.”

మేజర్ ఆస్‌బర్న్ ముందుకు వంగాడు. “ఎవరు అడిగితే ఉండేవాడివి? సార్జెంటే అడగాలా?”

“ఎవరైనా సరే సార్. తమరైనా.”

మేజర్ గుమాస్తా రాసిన కాగితం తెప్పించుకుని చదివాడు. తర్వాత డార్గ్‌తో, “ముద్దాయి నడవడి గురించి ఏమన్నా చెప్పుకుంటారా?” అన్నాడు.

నిర్దోషి అయితే అక్కడికక్కడే వదిలేస్తారు. నడవడి అడిగారంటే తప్పు చేశాడని తేల్చినట్టే. ఏ తప్పు? గుండు తప్పా, జైలు తప్పా? అది చెప్పరు. కాగితం ఒక ఆఫీసు నుంచి ఇంకో ఆఫీసుకి, అక్కడి నుంచి ఇంకా పైకి, వాణ్ణి ఎప్పుడూ చూడని బల్లల మీదుగా పోయి రావాలి. డార్గ్ ఏం చెప్పాడో ఆయనకే గుర్తులేదు. పద్దెనిమిది నెలల్లో ఒక్క మచ్చ లేదన్నాడు. గుండ్ల మధ్య నుంచి కందకాలకి నీళ్ళు మోసిన సంగతి చెప్పాడు. మౌన్సీ శవాన్ని మోసుకొచ్చింది ఇతనేనని చెప్పాడు.

పదకొండు రోజులు. ఆ పదకొండు రోజులూ డార్గ్ బూట్ల అడుగులు అరిగిపోయాయి. బ్రిగేడ్ ఆఫీసుకి రోజూ పోయేవాడు. “రాలేదు సార్” అనేవాడు గుమాస్తా, తల ఎత్తకుండా. పందుల కొట్టానికి పోయేవాడు. జోనాస్ ఒక విరిగిన తొట్టె బాగుచేస్తూ కనిపించేవాడు. ఊరికే కూర్చోవడం చేతకాదట. “తమరు కాస్త కూర్చోండి, కళ్ళు తిరుగుతున్నాయి నాకు” అనేవాడు. డార్గ్ కూర్చునేవాడు, మళ్ళీ లేచేవాడు.

పన్నెండో రోజు దళాన్ని పొలంలో నాలుగు వరసలుగా నిలబెట్టారు. జోనాస్‌ని టోపీ లేకుండా మధ్యకి తెచ్చారు. కెప్టెన్ లైల్ చదివాడు. పారిపోయిన నేరం రుజువు కాలేదు. సెలవు లేకుండా పోయిన నేరం రుజువైంది. రెండేళ్ళ కఠిన శిక్ష. శిక్ష అమలు ప్రస్తుతానికి నిలిపివేయడమైనది, సిపాయి దళంతోపాటు విధులకి హాజరు కావాలి.

డార్గ్ గట్టిగా గాలి పీల్చాడు. ఆ పొలంలో ఆవపూలు విరగబూసి ఉన్నాయి. ఇన్నాళ్ళూ చూడనే లేదు.

వరసలు విడిపోతుంటే పగ్ ఎదురయ్యాడు. చేతి మీద సార్జెంటు చారలు మూడూ పీకేసినచోట గుడ్డ ముదురు రంగులో కనిపిస్తోంది, దారాలు వేలాడుతున్నాయి. “భలే పొగిడారు సార్ నన్ను” అన్నాడు. “నా బతుకులో అంత ఖరీదైన జోకు ఇంకోటి వెయ్యలేదు.” ఒకణ్ణి లేపడానికి ఇంకొకణ్ణి తొక్కాల్సి వచ్చింది. ఆ బల్ల వెనకవాళ్ళు ఎవర్నీ తొక్కకుండా ఇద్దరి కాగితాల మీదా సంతకం పెట్టారు.

జోనాస్ అప్పటికే మూట కట్టుకున్నాడు. సాయంత్రానికల్లా కందకాల్లో ఉండాలి. డార్గ్ కూడా పల్లె చివరిదాకా నడిచాడు. ఆఫీసరు సిపాయి పక్కన అలా నడవకూడదు, నడిచాడు.

“రెండేళ్ళన్నారు” అన్నాడు జోనాస్. మొహంలో మొదటిసారి కాస్త వెలుగు. “రెండేళ్ళంటే బావుందండీ. తేలిపోయిందిగా. ఏ రోజు నుంచి లెక్క? ఇవాళ్టి నుంచా, కోర్టు రోజు నుంచా?”

డార్గ్ తడబడ్డాడు. ఏదో ఒక తారీఖు చెప్పేస్తే పోయేది. మనిషి ఆ తారీఖు పట్టుకుని బురదలోకి దిగేవాడు. కోర్టులో అబద్ధం చెప్పమని వీణ్ణి బతిమాలినవాడు, ఇప్పుడు ఈ పూచికపుల్లంత అబద్ధం తను చెప్పలేకపోయాడు.

“ఇంకా మొదలు కాలేదు జోనాస్. నిలిపివేశారు. యుద్ధం అయ్యేదాకా నువ్వు ఇక్కడే. తర్వాత వాళ్ళిష్టం, మొదలుపెట్టొచ్చు, కొట్టేయొచ్చు.”

“మొదలు కాందే ఎప్పుడు అయిపోతుందండీ?”

“అదే తెలీదు.”

జోనాస్ మూట భుజం మార్చుకున్నాడు. కొండల్లో వాన మబ్బు చూసినట్టు డార్గ్‌ని కాసేపు చూశాడు.

“అయితే అది గడువు కాదు, ప్లీడరు గారూ. పలుపుతాడు.” మళ్ళీ మర్యాదగా టోపీ ముట్టుకుని, “తమరు చాలా తిరిగారు నాకోసం. ఇక్కడితో ఆగండి, ఆ మూల మీద గుండ్లు పడుతున్నాయి” అని నడిచిపోయాడు.

డార్గ్ ఆగలేదు, గిరుక్కున వెనక్కి తిరిగాడు. బ్రిగేడ్ ఆఫీసులో గుమాస్తా పెద్ద రిజిస్టరు ముందేసుకుని రెల్ఫ్ పేరు ఎక్కిస్తున్నాడు.

“ఈ శిక్ష ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగుస్తుందో ఇక్కడ రాయి” అన్నాడు డార్గ్.

“అలాంటివి రాయం సార్. నేరం, శిక్ష, సంతకం. అంతే.”

“ముగిసే తారీఖు రాయాలి. వాడికి చెప్పాలి.”

గుమాస్తా నవ్వాడు, బడిలో నవ్వినట్టే. “రిజిస్టరులో దానికి గడి లేదు సార్. చూడండి, ఎక్కడుంది?”

డార్గ్ బల్ల మీదున్న రూళ్ళకర్ర తీసి అతని ముందు పడేశాడు.

“లేకపోతే గీయి.”